కుందేటి కొమ్ము దొరికింది

లేనిదానికి తెలుగువాడు పెట్టుకున్న పేరు కుందేటి కొమ్ము. ఏనుగు లక్ష్మణకవి తెనిగించిన భర్తృహరి పద్యాన్ని బడిలో వల్లె వేసినవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. మూర్ఖుడి మనసు రంజింపజేయడం కన్నా కుందేటి కొమ్ము సంపాదించడమే తేలికని అందులో వరస.

నాకా పద్యంతో చిన్న పేచీ ఉంది. వనపర్తి చుట్టుపక్కల గుట్టలు ఎక్కే అలవాటున్నవాడికి కుందేటి కొమ్ము అంత అసాధ్యమేమీ కాదు. వానాకాలం సగం దాటాక, పొద్దు పొడవకముందే ఎక్కాలి. బలుసు పొద మొదట్లోనో, రెండు బండల సందులో పేరుకున్న పిడికెడు మట్టిలోనో వెతకాలి. ఆకు ఒక్కటి ఉండదు. నాలుగు పలకల కొమ్మలు, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు, పైకి పోయేకొద్దీ సన్నబడి ఎలుక తోకలా తేలిపోతాయి. పూయనప్పుడు దాని మీద కాలేసి నడిచిపోతాం. నేనే ఎన్నిసార్లు వేశానో.

పూసినప్పుడు మాత్రం బోర్లా పడుకోవాల్సిందే. పువ్వు మహా అయితే బొటనవేలి గోరంత. ఐదు రేకులు. చివర వంగపండు రంగు, లోపలికి వచ్చేసరికి లేత పసుపు మీద అడ్డంగా ఎర్రటి గీతలు, గద్వాల చీర అంచు నేసినవాడెవడో తీరిగ్గా కూర్చుని గీసినట్టు. రేకుల అంచున సన్నటి నూగు వెంట్రుకలు వేలాడుతుంటాయి. మనకు గాలే తగలడం లేదనిపించే వేళలో కూడా అవి వణుకుతూనే ఉంటాయి. ఫొటో తీసేవాడికి అదే శత్రువు. ఒక్క పువ్వు కోసం ఆ రోజు నలభైకి పైగా ఫొటోలు తీశాను, పనికొచ్చినవి రెండు. ఈ మధ్యలో మోచేతుల కింద గండుచీమల పుట్ట ఉందని ఆలస్యంగా తెలిసింది.

అదే సమయంలో గొర్రెల మందతో పైకి వచ్చిన పెద్దాయన నన్ను చూసి ఆగిపోయాడు. ఆయన అనుమానం ఆయనకుంది. ఈ ప్రాంతంలో కోటలున్న గుట్టల మీద తెల్లారకముందు కనబడే మనిషి ఏ పని మీద వస్తాడో అందరికీ తెలిసిందే.

"ఏం సారూ, పొద్దుగాల్నే గుట్టెక్కినవ్. లంకెబిందెలేమన్న దొరికినయా?"

ఫోన్ తెర చూపించాను.

"గివా! గివి కుందేటి కొమ్ములు గదా. మా చిన్నప్పుడు గొర్లకాడ ఉప్పేసుకొని తినేటోళ్లం. జర చేదుంటది."

"ఇప్పుడు తింటలేరా పెద్దయ్యా?"

"యాడున్నయ్ సారూ తిననీకి? నువ్వు పండుకొని ఎతుకుతున్నవ్ గదా."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన నవ్వుకుంటూ మందను అదిలించుకుని వెళ్లిపోయాడు.

కారల్లం కథ

పెద్దాయన చెప్పిన ముక్కే రెండు వందల ఏళ్ల కిందట ఒక స్కాట్లాండు డాక్టరు రాసి పెట్టాడు. విలియం రాక్స్‌బర్గ్ 1781లో సామర్లకోటకు వచ్చి, 1793లో కలకత్తా తోటకు వెళ్లేదాకా గోదావరి దాపున తెలుగు మొక్కల వెంట పడ్డాడు. ఆయన 'ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్' మూడు సంపుటాల్లో 300 రంగుల చిత్రపటాలున్నాయి. మొదటి సంపుటం 1795లో లండన్లో అచ్చయింది. మూడోది పూర్తయ్యేసరికి పాతికేళ్లు పట్టింది. అందులో మన కుందేటి కొమ్మూ ఉంది. దాన్ని పచ్చిగానే తింటారనీ, చేదుగా ఉప్పగా ఉంటుందనీ రాశాడు. తెలుగువాళ్లు దీన్ని 'కారల్లం' అంటారని కూడా నమోదు చేశాడు. ఆ మాట పట్టుకునే 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త ఈ జాతికి కారల్లుమా అని పేరు పెట్టాడు. ఆఫ్రికాలో, అరేబియాలో దొరికే దీని చుట్టాలకు కూడా ఆ ఇంటిపేరే అతుక్కుంది. అక్కడి శాస్త్రవేత్త నోరు తిరక్కుండా పలికే ఆ లాటిన్ ముక్క అచ్చంగా మన ఊరిదన్నమాట. సోమిద చెట్టుకూ అంతే. సోయ్‌మిడా అని ప్రపంచమంతా పిలిచే పేరు తెలుగు నోటి నుంచి వెళ్లిందే.

ఆ పటాలు గీసినవాళ్లు ఇక్కడి చిత్రకారులే. రాక్స్‌బర్గ్ పక్కన కూర్చుని చెబుతుంటే ఆకు ఈనె, కేసరం, కాయ కోత, గింజ అన్నీ విడివిడిగా గీశారు. గీసినవాళ్ల పేర్లు మాత్రం పుస్తకంలో లేవు. మొక్క పేరు తెలుగులో రాసుకున్న మనిషికి, బొమ్మ గీసినవాడి పేరు రాయాలని తోచలేదు. రెండున్నర వేలకు పైగా ఉన్న ఆయన బొమ్మల ప్రతులు ఇప్పటికీ లండన్ పక్కన క్యూ తోటలో భద్రంగా ఉన్నాయి.

కారల్లం కథ అక్కడితో అయిపోలేదు. ఇందులోనే ఒక రకం నుంచి తీసిన సారాన్ని బరువు తగ్గే మాత్రలుగా అమెరికాలో అమ్ముతున్నారు. ఆకలి చంపుతుందని ప్రచారం. వలసకూలీకి మారుపేరైన పాలమూరు నేల మీద, గొర్రెల కాపరి పిల్లాడు ఆకలి తీర్చుకోవడానికి నమిలిన కొమ్మ ఇది.

ఇవతలి ఒడ్డు

వనపర్తి మొక్కలకు ఒక చారిత్రక అన్యాయం జరిగింది. గాంబుల్ మొదలుపెట్టిన 'మద్రాసు ప్రెసిడెన్సీ వృక్ష సంపద' 1915 నుంచి 1936 దాకా భాగాలుగా వచ్చింది. దక్షిణాదిలో మొక్క పేరు తెలుసుకోవాలంటే నేటికీ మొదట తెరిచే పుస్తకం అదే. తుంగభద్రకు అవతలి కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి అక్కడి మొక్కలు పుస్తకంలోకి ఎక్కాయి. ఇవతల గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో ఉన్నాయి. ఏటి మీదుగా విత్తనం ఎగిరి వస్తుంది. ఏటి మీదుగా పుస్తకం రాలేదు.

నల్లమల సంగతి కొంత నయం. భారత వృక్ష సర్వేక్షణ సంస్థ కోయంబత్తూరు కేంద్రంలో పనిచేసిన జె.ఎల్. ఎల్లిస్ ఏళ్ల తరబడి ఆ కొండలు తిరిగి 'ఫ్లోరా ఆఫ్ నల్లమలైస్' రెండు సంపుటాలు తెచ్చాడు, 1987లో ఒకటి, 1990లో మరొకటి. నల్లమల పేరునే ఇంటిపేరుగా మోస్తున్న మొక్కలున్నాయి. ఆండ్రోగ్రాఫిస్ నల్లమలయానా ఒకటి, మన నేలవేముకు దగ్గరి చుట్టం. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం నుంచి ఆచార్య టి. పుల్లయ్య, ఆయన శిష్యులు తెలుగు జిల్లాల మొక్కల మీద వరసగా పుస్తకాలు తెచ్చారు. ఆ తరగతి గదుల్లోంచి వచ్చినవాళ్లే ఇవాళ రెండు రాష్ట్రాల డిగ్రీ కాలేజీల్లో చాలాచోట్ల వృక్షశాస్త్రం చెబుతున్నారు.

నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమికి కెమెరా కూడా ముందే వచ్చింది. ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940లో ఇక్కడి చెంచు పెంటల్లో ఉండి పనిచేశాడు. 1943లో 'ది చెంచూస్' పుస్తకం వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు లండన్లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. చూసేవాళ్లంతా ఆ ఫొటోల్లో మనుషులను చూస్తారు. నా కళ్లు వెనక్కి పోతాయి. గుడిసె పక్కనున్న చెట్టు ఏది, గడ్డలు తవ్వుతున్న ఆ మనిషి కాళ్ల దగ్గర పాకుతున్న తీగ ఏది అని. నలుపు తెలుపుల్లో తేలదు. అక్కడి చెంచు ముసలమ్మ ఎవరినైనా అడిగి ఉంటే అరనిమిషంలో చెప్పి ఉండేది.

తీగ అంటే గుర్తొచ్చింది. ఎండాకాలం నల్లమల అంచు ఊళ్లలో తాగే నన్నారి షర్బత్ వెనక ఒక తీగ ఉంది. మారెడు గడ్డలంటారు, శాస్త్రం పేరు డెకాలెపిస్ హామిల్టోనై. బండల మీద పాకే తీగ, నేలలోకి మాత్రం ముల్లంగి దుంపల్లా గుత్తిగా వేళ్లు దింపుతుంది. వేరు విరిచి ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనీలా వాసన గుప్పుమంటుంది. ఆ వాసనే దాని ప్రాణం మీదికి తెచ్చింది. వేరు కావాలంటే తీగను పెకిలించాలి. పెకిలిస్తే తీగ ఉండదు. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం ఎర్ర జాబితాలో ఇది 'అంతరించే ప్రమాదంలో ఉన్న' వరుసలో చేరింది. దక్షిణ భారతంలో తప్ప మరెక్కడా సహజంగా పెరగని మొక్క. ఫొటోకి అసలు కుదరదు: పువ్వు చిన్నది, ఆకు మామూలుది, అందమంతా మట్టిలో ఉంటుంది. ముఖచిత్రానికి పనికిరాని మొక్క ఎంత అరుదైనదైనా ఎవరికీ పట్టదని నాకు గట్టి అనుమానం. ఈ కథనం ముఖచిత్రం కూడా ఆ అనుమానాన్ని తీర్చడం లేదు.

గుట్టకు పులి లేదు

నల్లమలలో మొక్కకు పులి కాపలా ఉంది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. రాత్రి 9 తర్వాత శ్రీశైలం దారిలో గేటు పడుతుంది. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు జనం రోడ్డెక్కారు, ఆ సెప్టెంబరులో శాసనసభ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. అప్పుడు కూడా నినాదాల్లో ముందున్నది చెంచులు, పులి, కృష్ణ నీళ్లు. ఆ మూటలో మొక్క కూడా బతికిపోయింది. అంతకన్నా ఏం కావాలి, బాగానే ఉంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల మైదానాల్లోని నల్లరాతి గుట్టలకు మాత్రం అలాంటి పెద్ద దిక్కు లేదు. ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. రెవెన్యూ కాగితాల్లో దాని విలువ ఒక్క మాట, 'గుట్ట'. సాగుకు పనికిరానిది, శిస్తు రానిది. కంకరకు మాత్రం పనికొస్తుంది.

ఆ పనికిరాని చోట ఏం పెరుగుతుందో చూడాలంటే తొలకరి పడ్డాక నెలన్నర ఆగి ఎక్కాలి. మే నెలలో అరికాలు పెట్టలేని బండ మీద చిన్న చిన్న గుంతల్లో నీళ్లు నిలుస్తాయి. ఒక్కో గుంత దోసిలంత, కొన్ని పళ్లెమంత. అడుగున వేలి మందం ఇసుక మట్టి. ఆ మట్టిలో మొలిచి, పూసి, కాసి, గింజ రాల్చి చచ్చిపోవడానికి మొక్కకు దక్కేది కొద్ది వారాలు. సారం లేని మట్టి కాబట్టి కొన్ని మొక్కలు మాంసాహారం మరిగాయి. డ్రోసెరా ఆకు మీద ఎర్రటి కాడలు, ప్రతి కాడ కొసన మెరిసే జిగురు బొట్టు. తేనె అనుకుని వాలిన దోమ ఇక లేవదు. యుట్రిక్యులేరియా ఇంకా ఘటికురాలు. తడిమట్టిలో ఆవగింజ కన్నా చిన్న సంచులు దాచి, ఆ దారిన పోయే సూక్ష్మజీవిని లోపలికి గుటుక్కున లాగేస్తుంది. పైన మాత్రం ఏమీ ఎరగనట్టు బుజ్జి పువ్వొకటి.

ఇక సెరోపీజియా. ఈ జాతి పువ్వును తొలిసారి చూసినప్పుడు అది పువ్వంటే నమ్మబుద్ధి కాలేదు. అడుగున బుడ్డిలా ఉబ్బి, మధ్యలో గొట్టంలా సాగి, పైన రేకుల కొసలన్నీ కలిసి పంజరం కట్టినట్టు ఉంటుంది. చిన్న లాంతరు బుడ్డి అనుకోండి. వాసనకు వచ్చిన ఈగ జారి బుడ్డిలో పడుతుంది. గొట్టం లోపలి వెంట్రుకలన్నీ కిందికి చూస్తుంటాయి కాబట్టి లోపలికి పోవడమే గానీ పైకి రావడం ఉండదు. అది లోపల తిరుగుతున్నంతసేపట్లో పుప్పొడి సంచులు దాని ఒంటికి తగులుకుంటాయి. కొంతసేపటికి వెంట్రుకలు వాడిపోతాయి, ఈగకు విడుదల. జైలు నుంచి వచ్చినదానికి బుద్ధి వస్తుందా, పోయి ఇంకో పువ్వులో పడుతుంది. మొక్కకు కావలసింది అదే. ఈ పుప్పొడి సంచులు చూడాలని ఉంటే గుట్ట ఎక్కక్కర్లేదు. కారల్లం, సెరోపీజియా రెండూ జిల్లేడు కుటుంబమే. వీధి చివర జిల్లేడు పువ్వు మధ్యనున్న ఐదు మూలల కిరీటం పక్క చీలికలో సూది మొన పెట్టి పైకి లాగండి. పసుపు పచ్చటి జంట సంచులు సూదికి వేలాడుతూ వస్తాయి.

సెరోపీజియా గడ్డను కాపరులు తవ్వి తింటారు. తిన్నా శతాబ్దాల పాటు మొక్క బతికే ఉంది. గుట్టనే తినడం మొదలయ్యాకే అసలు చిక్కు.

ఫొటో చేసే మేలు, కీడు

అరుదైన మొక్క ఫొటో అనగానే నల్లటి వెనకతెర మీద మెరిసే ఒంటరి పువ్వు గుర్తొస్తుంది. పోటీల్లో బహుమతి దానికే. మొక్కలు తెలిసినవాళ్లకు అలాంటి ఫొటో పంపి చూడండి. ఆకు ఏదీ, కాండం ఏదీ, మొక్క మొత్తం ఏదీ, చుట్టూ నేల ఎలా ఉంది అని నాలుగు ప్రశ్నలతో తిరిగొస్తుంది. ఇది అనుభవించి చెబుతున్నాను. రాక్స్‌బర్గ్ చిత్రకారులు ఒక్క కాగితం మీద చేసిన పనికి మనకు కనీసం ఏడెనిమిది ఫొటోలు కావాలి: మొక్క నిలువెత్తు, ఆకు పైభాగం, ఆకు అడుగుభాగం, కాండానికి ఆకు అతికిన చోటు, పువ్వు ఎదురుగా, పువ్వు పక్కగా, దొరికితే కాయ, చివరగా నాలుగడుగులు వెనక్కి జరిగి ఆ చోటు. పక్కన రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. మధ్యాహ్నపు ఎండ పువ్వు రంగును మింగేస్తుంది కాబట్టి తెల్ల రుమాలు అడ్డం పట్టుకుంటే చాలు, వేల రూపాయల సరంజామా అక్కర్లేదు. అడ్డమొచ్చిన గడ్డిని పీకకూడదు, పక్కకు వంచి మళ్లీ వదిలేయాలి. గడ్డి నీడ పోయిన పొద్దుకే మాడిపోయే మొక్కలుంటాయి.

అన్నిటికన్నా పెద్ద నియమం నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

కొన్నేళ్ల కిందట ఒక గుట్ట వాలులో అడవినాభి గుంపుగా పూసింది. ఆకు కొసే నులితీగగా మారి పక్క కొమ్మను చుట్టుకునే తీగ అది. రేకులు వెనక్కి విరిచి, కింద పసుపు పైన ఎరుపు, మంట నిలబడినట్టే ఉంటుంది. అగ్నిశిఖ అనే పేరు ఊరికే రాలేదు. తమిళనాడుకు అది రాష్ట్ర పుష్పం. మొక్కంతా విషమే, ఆ విషంలోంచే గౌట్ అనే కీళ్ల జబ్బు మందు కోల్చిసిన్ వస్తుంది. అందుకే దుంపకూ గింజకూ గిరాకీ. ఆ పొద్దు తీసిన ఫొటోలు చూసుకుని మురిసిపోయి, ఊరి పేరు, గుట్ట పేరు, ఏ వైపు నుంచి ఎక్కాలో కూడా రాసి నలుగురికీ పంపాను. ఆ నలుగురు నలభై మందికి పంపి ఉంటారు. మరుసటి ఏడాది అదే వారంలో వెళ్తే పూలు లేవు. వాలంతా గునపం పోట్లు, ఎండిపోయిన గుంతలు. నా ఫొటో చూసే వచ్చారని రుజువు లేదు. రాలేదని కూడా లేదు.

అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆపేసి ఉంటుంది. లేకపోతే ప్రతి ఫొటో కడుపులో అక్షాంశ రేఖాంశాలు దాక్కుని ప్రయాణం చేస్తాయి. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అవి రాలిపోతాయి గానీ, నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే చిరునామాతో సహా చేరతాయి. ఈ తేడా చాలామంది ఫొటోగ్రాఫర్లకే తెలియదు. ప్రపంచమంతా మొక్కల ఫొటోలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ వేదిక ముప్పులో ఉన్న జాతుల చోటును తనంతట తానే మసకబారుస్తుంది. పటం మీద సుమారు 20 కిలోమీటర్ల గడిలో ఎక్కడో ఉందని మాత్రం చూపిస్తుంది. దక్షిణాఫ్రికాలో కోనోఫైటం అనే చిట్టి రాతిమొక్కలను దొంగలు బస్తాల్లో నింపి విదేశాల్లోని కుండీల మోజుకు అమ్ముకుంటున్నారు. అక్కడి పరిశోధకులు ఇప్పుడు కొత్త మొక్క దొరికితే చోటు దాచిపెట్టే రాస్తున్నారు. శాస్త్రానికి ఇది అలవాటు లేని పని. పత్రిక వాళ్లకు ఇంకా కష్టం. ఎక్కడ, ఎప్పుడు, ఎవరు అని అడగడమే మా వృత్తి.

సెలైన్ బాటిళ్లు, కుండీలు

పాలమూరులో చెట్టును బతికించడం ఎలాగో జనానికి తెలియక కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి మూడెకరాల మేర పాకిన ఊడల మర్రి, ఏడు వందల ఏళ్ల వయసని చెబుతారు. 2017 డిసెంబరులో చెదలు తిన్న పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. 2018లో చెట్టు కొమ్మలకు రోగికి ఎక్కించినట్టు సెలైన్ బాటిళ్లు కట్టి చెదల మందు చుక్క చుక్కగా ఎక్కించారు. ఆ ఫొటో ప్రపంచమంతా చుట్టి వచ్చింది. చెట్టు నిలబడింది. ఒక్క ఫొటోకు ఉండే శక్తి అంత. కాకపోతే సెలైన్ కట్టడానికి కొమ్మ ఉండాలి. గోరంత పువ్వుకు ఎక్కడ కడతాం?

దానికి వేరే దారి జడ్చర్లలో ఉంది. అక్కడి డాక్టర్ బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఆవరణలో వృక్షశాస్త్ర అధ్యాపకుడు బి. సదాశివయ్య చొరవతో, విద్యార్థుల చేతులతో తెలంగాణ బొటానికల్ గార్డెన్ లేచింది. అడవిలో దొరకడం కష్టమైపోతున్న జాతులను తెచ్చి పెంచుతున్నారు. డిగ్రీ కాలేజీ అంటే పరీక్షలు, అడ్మిషన్లు తప్ప ఇంకేమీ జరగదనుకునేవాళ్లు ఒకసారి వెళ్లి చూడాల్సిన చోటు. అయితే తోటలో బతకడం, గుట్ట మీద బతకడం ఒకటేనని ఏ తోటమాలీ అనడు. కారల్లం కుండీలో పెరుగుతుంది, పూస్తుంది కూడా. దాని ఈగ కుండీలోకి వస్తుందా, గింజ గాలికి ఎగిరి ఏ బలుసు పొద నీడలో పడుతుంది అన్నది వేరే లెక్క.

చట్టం దగ్గర మొక్కకు ఎప్పుడూ వెనక బెంచీయే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం జంతువుల పేర్లు పేజీలకు పేజీలు రాసి, మొక్కలకొచ్చేసరికి 1991 సవరణ దాకా ఒక్కటీ చేర్చలేదు, చేర్చినప్పుడు కూడా ఆరే ఆరు పద్దులతో సరిపెట్టింది. ఆ ఆరింటిలో ఒకటి మన శేషాచలం ప్రాంతపు సైకాస్ బెడోమై కావడం ఒక ఊరట. అసలు పనికొచ్చే ఆయుధం 2002 జీవవైవిధ్య చట్టంలో ఉంది. ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఊళ్లోని మొక్కలు, గింజలు, పశుజాతులు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు అన్నీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్‌లో రాయాలి. అదే చట్టం కింద ఒక చోటును వారసత్వ స్థలంగా ప్రకటించవచ్చు. హైదరాబాద్ పక్క అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ హోదా దక్కింది. చెరువుకు దక్కినది రాతి గుట్టకు దక్కకూడదని ఏ సెక్షన్లోనూ లేదు.

రిజిస్టర్ ఎవరు రాయాలన్నదే చిక్కు. ఆఫీసులో కూర్చుని పక్క మండలం పుస్తకం చూసి రాస్తే వేప, తులసి, ఉమ్మెత్తతో పేజీలు నిండుతాయి. గుట్ట మీద మందను అదిలించుకుంటూ వెళ్లిన ఆ పెద్దాయనను కూర్చోబెట్టి అడిగితే వేరే పుస్తకం తయారవుతుంది. బతుకమ్మ పేర్చే ఆడవాళ్లను అడిగినా అంతే. ఒకప్పుడు జొన్న చేలో కలుపుగా వద్దన్నా మొలిచిన గునుగు పువ్వును ఇప్పుడు వనపర్తి బజార్లో కట్టకు ఇంతని కొనుక్కుంటున్నారు. జొన్న పోయి వరి, పత్తి వచ్చాయి, కలుపు మందులు వచ్చాయి. గునుగు అరుదైన మొక్క కాదు, ఏ ఎర్ర జాబితాలోనూ లేదు. కానీ ఏ చేలో ఎప్పటి నుంచి కనబడటం మానేసిందో ఆ ఆడవాళ్లు ఏడాదితో సహా చెప్పగలరు. అంతకన్నా నమ్మదగిన సర్వే నేను చూడలేదు.

ఈ భాద్రపదంలో మళ్లీ ఆ గుట్ట ఎక్కాను. కుందేటి కొమ్ములు ఉన్నాయి. నిరుడు లెక్కపెట్టినప్పుడు పద్నాలుగు కుదుళ్లు, ఈసారి పదకొండు. మూడింటిలో ఒకటి గొర్రెలు తొక్కినట్టుంది, రెండు ఎందుకు పోయాయో తెలియలేదు. ఒకదానికి కాయలు పట్టాయి. రెండేసి కలిసి, సన్నగా నిటారుగా నిలబడి, అచ్చం కొమ్ముల్లాగే. ఎండి పగిలినప్పుడు లోపల పట్టులాంటి దూదికి తగిలించిన గింజలు వరసగా పేర్చి ఉంటాయి. ఒక కాయ పగలడం చూస్తూ గంట కూర్చున్నాను. గాలి వచ్చింది, నాలుగు గింజలు లేచాయి. మూడు బండ మీదే పడ్డాయి. ఒకటి పొద వైపు వెళ్లింది.

పాఠకులకు ఒక విన్నపం. ముఖచిత్రం మీద ఉన్న పువ్వు ఏ గుట్ట మీదిదని పత్రికాఫీసుకు ఫోన్ చేయకండి, చెప్పరు. వాళ్లకూ నేను చెప్పలేదు. మీ ఊరి గుట్ట మీరే ఎక్కండి. కింద పంచాయతీ ఆఫీసులో ఆగి జీవవైవిధ్య రిజిస్టర్ చూపించమని అడగండి. అందులో ఆ గుట్టకు పేజీ లేకపోతే రాయించండి. దిగేటప్పుడు మొక్కను మాత్రం ఇంటికి తెచ్చుకోవద్దు.